పెకింగ్, బీజింగ్: ఒకే ఊరికి ఇన్ని స్పెల్లింగులు ఎందుకు?

బీజింగ్‌కి విమానం టికెట్ కొంటే దాని మీద పి.ఇ.కె. అని ఉంటుంది. గ్వాంగ్‌జౌకి సి.ఎ.ఎన్., చోంగ్‌చింగ్‌కి సి.కె.జి., నాన్‌జింగ్‌కి ఎన్.కె.జి., తియాన్‌జిన్‌కి టి.ఎస్.ఎన్. ఈ ఊళ్ళ పేర్లు ఇప్పుడు ఇంగ్లిష్‌లో రాసే తీరుకీ ఈ కోడ్‌లకీ పొంతన కుదరదు. బీజింగ్‌లో 'కె' ఎక్కడుంది? గ్వాంగ్‌జౌలో 'సి' ఎక్కడుంది? అవి పెకింగ్, కాంటన్, చుంగ్‌కింగ్, నాన్‌కింగ్, టియెన్‌ట్సిన్ అనే పాత స్పెల్లింగుల్లోంచి వచ్చిన అక్షరాలు. 2019లో బీజింగ్‌కి దక్షిణాన తెరిచిన సరికొత్త ఎయిర్‌పోర్టుకి కూడా పి.కె.ఎక్స్. అనే కోడే ఇచ్చారు.

మన రైల్వేలోనూ ఇలాంటివి ఉన్నాయి. విజయవాడ స్టేషన్ కోడ్ బి.జెడ్.ఎ., అంటే బెజవాడ. కాకినాడ టౌన్ కోడ్ సి.సి.టి., అది తెల్లవాళ్ళు కోకనాడ అని రాసిన రోజుల నాటిది. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి కానీ కాదు. బెజవాడ, విజయవాడ అన్నవి రెండు వేరు పేర్లు. కోకనాడ మాత్రం కాకినాడే, తెల్లవాడి చెవికి వినిపించినట్టు రాసుకున్న కాకినాడ. చైనా ఊళ్ళ సంగతి మాట్లాడేటప్పుడు చాలామంది ఈ రెండు రకాలనూ కలిపేస్తారు. 'చైనావాళ్ళు పెకింగ్ పేరు మార్చి బీజింగ్ అని పెట్టారు' అంటారు. పెకింగ్ అన్న రోజుల్లోనూ చైనావాళ్ళు ఆ ఊరి పేరును అవే రెండు అక్షరాలతో రాశారు, ఇప్పుడూ అలాగే రాస్తున్నారు. ఆ అక్షరాలకి అర్థం 'ఉత్తర రాజధాని'. మారింది ఇంగ్లిష్‌లో రాసే పద్ధతి మాత్రమే.

నిజంగా పేర్లు మారిన సందర్భాలూ లేకపోలేదు. 1928లో జాతీయవాద ప్రభుత్వం రాజధానిని నాన్‌జింగ్‌కి తరలించింది. రాజధాని కాని ఊరికి ఉత్తర రాజధాని అనే పేరేమిటని దాన్ని 'ఉత్తర శాంతి' అనే అర్థం వచ్చేలా బేపింగ్ చేశారు. అప్పటి ఇంగ్లిష్ పత్రికల్లో అది పీపింగ్. 1949లో కమ్యూనిస్టులు రాజధానిని వెనక్కి తెచ్చి పాత పేరే మళ్ళీ పెట్టారు. షెన్‌యాంగ్‌కి ముక్‌డెన్ అనేది మంచూ భాషలోని పేరు. దాలియన్‌ని రష్యన్లు దాల్నీ అన్నారు, జపాన్‌వాళ్ళు దైరెన్ అన్నారు. ఇవన్నీ బెజవాడ తరహా. కోకనాడ తరహా వాటిలోనే చిక్కు ఎక్కువ.

చైనా లిపి ఉచ్చారణను చెప్పదు. తెలుగులో 'క' అని రాస్తే అది శ్రీకాకుళంలోనైనా ఆదిలాబాద్‌లోనైనా 'క'నే. చైనా అక్షరం మాత్రం ఒక మాటకి గుర్తు. దాన్ని బీజింగ్ మనిషి ఒకలా చదువుతాడు, హాంకాంగ్ మనిషి ఇంకోలా చదువుతాడు, ఫుజియన్ తీరంలోని జాలరి మూడో రకంగా చదువుతాడు. ముగ్గురూ కాగితం మీద రాసేది ఒకటే. వీటిని యాసలు అనడం వాడుకే కానీ, ఒకరి మాట ఒకరికి అర్థం కానంత దూరం వీటి మధ్య ఉంది. అందుకే ఒక ఊరి పేరును ఇంగ్లిష్ అక్షరాల్లోకి ఎక్కించే ముందు తేల్చుకోవాల్సింది ఎవరి నోటి నుంచి విని రాయాలన్నది. తర్వాతి నాలుగు వందల ఏళ్ళ గందరగోళమంతా ఈ ప్రశ్నకి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పడం వల్ల వచ్చిందే.

మొదట జవాబు చెప్పింది సముద్రం మీద వచ్చిన వర్తకులు. వాళ్ళు దిగింది దక్షిణ తీరంలో, విన్నది అక్కడి మాట. 16వ శతాబ్దంలో వచ్చిన పోర్చుగీసువాళ్ళు క్వాంగ్‌తుంగ్ అనే రాష్ట్రం పేరును ఊరికి అంటగట్టి కాంటావ్ అన్నారు. అది ఇంగ్లిష్‌లో కాంటన్ అయింది. 1757 నుంచి 1842 దాకా పాశ్చాత్యుల ఓడ వ్యాపారమంతా చైనా చక్రవర్తి ఆ ఒక్క రేవుకే పరిమితం చేయడంతో ఆ పేరు లెడ్జర్లలో, పటాల్లో, టీ పెట్టెల మీద పాతుకుపోయింది. ఇప్పుడు షియామెన్ అనే రేవు పేరును అక్కడి హొక్కియెన్ మాటలో 'ఎ-ముంగ్' లాంటి ధ్వనితో పలుకుతారు. అది అమోయ్ అయింది. షాన్‌తౌ అనే ఊరిని స్థానికులు స్వాతావ్ అంటారు, ఇంగ్లిష్‌వాళ్ళు అదే పట్టుకున్నారు. హాంకాంగ్ కూడా దక్షిణాది మాటే. బీజింగ్ భాషలో అవే అక్షరాలను శ్యాంగ్‌గాంగ్ అని చదవాలి. మొదటి నల్లమందు యుద్ధం తర్వాత 1842లో కుదిరిన నాన్‌కింగ్ ఒప్పందంలో విదేశీ వ్యాపారానికి తెరిచిన ఐదు రేవుల పేర్లు కాంటన్, అమోయ్, ఫూచౌ, నింగ్‌పో, షాంఘై. ఇప్పటి ఇంగ్లిష్ పటంలో వీటిలో చివరిది తప్ప ఒక్కటీ అదే రూపంలో దొరకదు.

షాంఘై ఎందుకు మారలేదో కూడా చెప్పుకోవాలి. అన్ని పద్ధతుల్లోనూ ఆ పేరు స్పెల్లింగ్ యాదృచ్ఛికంగా ఒకటే వస్తుంది, అంతకు మించి రహస్యం లేదు. వుహాన్ కూడా అంతే. నిజానికి షాంఘై సొంత మాటలో ఆ పేరు 'జాన్‌హే'కి దగ్గరగా పలుకుతుంది. ఆ ఊరివాళ్ళ నోటి మాటను రాసుకున్నవారు మాత్రం ఎవరూ లేరు.

ఇక పెకింగ్‌లోని 'కె' దగ్గరికి వద్దాం. అది తెల్లవాళ్ళ చెవుడు అని చాలామంది అనుకుంటారు. కాదు. జెసూట్ మతగురువులు 16వ శతాబ్దం చివర్లో చైనాలో అడుగుపెట్టి భాష నేర్చుకునే నాటికి, చదువుకున్న అధికారులు వాడే భాషకి నాన్‌జింగ్ ఉచ్చారణే ఆదర్శం. అందులో ఈ మాట 'కింగ్' అనే పలికేది. ఆ తర్వాత ఉత్తరాది మాటలో 'ఇ' అచ్చుకి ముందున్న 'క' మెత్తబడి 'చ'లోకి జారింది. భాషల్లో ఇది మామూలే. తెలుగులో 'చెవి' అన్న మాటకి కన్నడంలో 'కివి' అని ఉండటమూ ఇలాంటి మార్పే. దక్షిణ చైనా భాషల్లో ఆ 'క' ఇప్పటికీ ఉంది. కాంటనీస్‌లో ఈ ఊరు 'పక్‌కింగ్'. అంటే పెకింగ్ అనేది తప్పుగా విన్న బీజింగ్ కాదు, ముందుగా విన్న బీజింగ్.

పాత స్పెల్లింగులు ఎంత సమాచారం దాచుకున్నాయో చూడాలంటే పెకింగ్‌నీ టియెన్‌ట్సిన్‌నీ పక్కపక్కన పెట్టాలి. ఇప్పుడు బీజింగ్, తియాన్‌జిన్ అని రాస్తే రెండింటిలోనూ ఒకే 'జె' కనిపిస్తుంది. పాత రూపాల్లో ఒకదానిలో 'కె', రెండోదానిలో 'టిఎస్'. పూర్వం ఇవి రెండు వేరు ధ్వనులు. బీజింగ్ ఉచ్చారణలో రెండూ కలిసిపోయి ఒకటయ్యాయి. చోంగ్‌చింగ్‌లోని చింగ్, చింగ్‌దావ్‌లోని చింగ్ కూడా అంతే. చుంగ్‌కింగ్, త్సింగ్‌తావ్ అనే పాత స్పెల్లింగుల్లో ఆ తేడా తెలుస్తుంది, కొత్తవాటిలో తెలియదు. చరిత్ర తెలుసుకోవాలనుకునేవాడికి పాతదే మేలు. ఇవాళ బీజింగ్‌లో దిగి టాక్సీ మాట్లాడుకోవాల్సినవాడికి కొత్తదే మేలు. ఏది 'సరైన' స్పెల్లింగ్ అని వాదించేవాళ్ళు సాధారణంగా ఎవరికి సరైనదో చెప్పరు.

19వ శతాబ్దంలో బ్రిటిష్ దౌత్యాధికారులు ఈ ప్రశ్నకి తమ జవాబు చెప్పారు. వాళ్ళ పని బీజింగ్ దర్బారుతో, కాబట్టి బీజింగ్ మాటే ప్రమాణం. థామస్ వేడ్ 1867లో అచ్చువేసిన పాఠ్యపుస్తకంలోని పద్ధతిని హెర్బర్ట్ జైల్స్ 1892 నాటి నిఘంటువులో సవరించాడు. అదే వేడ్-జైల్స్ పద్ధతి. దాని ప్రకారం బీజింగ్‌ని 'పెయ్-చింగ్' అని రాయాలి. ఈ పద్ధతిలో ప్రాణమంతా చిన్న కొమ్ము గుర్తులో, అపాస్ట్రఫీలో ఉంది. ఆ గుర్తు లేని 'పి' అల్పప్రాణం, గుర్తు ఉన్న 'పి' మహాప్రాణం. 'టి', 'కె', 'సిహెచ్'లకీ అదే నియమం. పండితులకి బాగానే ఉంది కానీ పత్రికలవాళ్ళు, పటాలు గీసేవాళ్ళు ఆ గుర్తులను, 'యు' మీది చుక్కలను విసుగ్గా వదిలేశారు. గుర్తు పోతే తేడా పోతుంది. 'చు' అని రాసి ఉంటే అది నాలుగు వేరు వేరు చైనా అక్షర శబ్దాల్లో ఏదైనా కావచ్చు. వేడ్-జైల్స్‌కి వచ్చిన చెడ్డపేరులో సగం పద్ధతిది కాదు, దాన్ని సగమే వాడినవాళ్ళది.

మనకి పాత పుస్తకాల్లో కనిపించే పెకింగ్, టియెన్‌ట్సిన్, త్సింగ్‌తావ్ లాంటి పేర్లు వేడ్-జైల్స్‌వి అనుకోవడం మామూలు పొరపాటు. అవి పోస్టాఫీసు స్పెల్లింగులు. 1896లో చైనా తపాలా వ్యవస్థ సముద్ర కస్టమ్స్ శాఖ కింద మొదలైంది. ఆ శాఖ చైనా ప్రభుత్వానిదే, నడిపింది మాత్రం రాబర్ట్ హార్ట్ అనే ఐరిష్ ఆయన. తపాలా వ్యవహారాలు చూసింది థియోఫిల్ పిరీ అనే ఫ్రెంచి అధికారి. 1906లో షాంఘైలో తపాలా, టెలిగ్రాఫ్ అధికారులు కూర్చుని ఊళ్ళ పేర్లు ఎలా రాయాలో తేల్చారు. తేల్చింది భాషా శాస్త్రవేత్తలు కారు కాబట్టి తీర్పు కూడా పోస్టాఫీసు తీర్పులాగే ఉంది. జనం అలవాటు పడ్డ పేరుంటే దాన్ని అలాగే ఉంచాలి. గ్వాంగ్‌డోంగ్, గ్వాంగ్‌షీల్లోని ఊళ్ళకీ ఫుజియన్‌లో కొన్నింటికీ స్థానిక ఉచ్చారణ తీసుకోవాలి. టెలిగ్రాంలో పంపలేని కొమ్ములు, చుక్కలు, అడ్డగీతలు ఉండకూడదు. ఒక పద్ధతి అంటూ లేని ఈ పద్ధతే సుమారు డెబ్బై ఏళ్ళు ప్రపంచ పటాలను ఏలింది. ఉత్తరం చేరితే చాలనుకునే శాఖకి అంతకంటే తర్కం అక్కరలేదు మరి.

1949 తర్వాత చైనావాళ్ళు తామే రంగంలోకి దిగారు. అమెరికాలో బ్యాంకు ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఆర్థికవేత్త జౌ యూగ్వాంగ్‌ని 1955లో ఈ పనిలోకి పిలిచారు. ఆయన 1906లో పుట్టి 111 ఏళ్ళు బతికి 2017లో పోయారు. ఆయన ముఖ్య పాత్ర పోషించిన సంఘం తయారుచేసిన ఇంగ్లిష్ అక్షరాల రాత పద్ధతి అయిన పిన్‌యిన్‌ను 1958 ఫిబ్రవరి 11న జాతీయ ప్రజా కాంగ్రెస్ ఆమోదించింది. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. పిన్‌యిన్‌ను ఇంగ్లిష్‌వాళ్ళ కోసం చేయలేదు. చైనా పిల్లలకి అక్షరాల ఉచ్చారణ నేర్పడానికి, దేశమంతటా ఒకే మాట్లాడే భాషను వ్యాప్తి చేయడానికి చేశారు. అందుకే 'ఎక్స్', 'క్యూ' లాంటి అక్షరాలకి ఇంగ్లిష్‌లో లేని విలువలు ఇచ్చారు. ఖాళీగా పడి ఉన్న అక్షరాన్ని పనిలో పెట్టడం వాళ్ళ లెక్క. ఇంగ్లిష్ చదువరికి అది వింతగా అనిపించినా 'ఎక్స్'ని 'ష'గా వాడటం కొత్త కాదు, పోర్చుగీసు భాషలో అదే అలవాటు. 1655లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన మార్టినో మార్టిని చైనా అట్లాస్‌లో షాన్‌డోంగ్ రాష్ట్రం పేరు 'ఎక్స్'తోనే మొదలవుతుంది.

ఇంట్లో వాడుకున్న పద్ధతి బయటికి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1977లో భౌగోళిక నామాల మీద ఐక్యరాజ్యసమితి ఏథెన్స్‌లో జరిపిన సదస్సు చైనా పేర్లకి పిన్‌యిన్‌ను అంగీకరించింది. 1979 జనవరి 1 నుంచి చైనా ప్రభుత్వం విదేశీ భాషల పత్రాలన్నింటిలో దాన్నే వాడటం మొదలుపెట్టింది. అమెరికాతో దౌత్య సంబంధాలు మొదలైనదీ ఆ రోజే కావడంతో కొత్త స్పెల్లింగులకి కలిసొచ్చింది. తెలుగునాట వామపక్ష కార్యకర్తల్లో ఒక తరం చదివిన 'పెకింగ్ రివ్యూ' పత్రిక ఆ నెలలోనే 'బీజింగ్ రివ్యూ' అయింది. పాశ్చాత్య పత్రికలు ఒక్కసారిగా మారలేదు. చిన్న ఊళ్ళకి పిన్‌యిన్ వాడుతూనే పెకింగ్‌ను 1980ల్లో కొన్నేళ్ళపాటు వదలనివి ఉన్నాయి.

పిన్‌యిన్ వచ్చాక అంతా ఒక్కటైపోయిందా అంటే, లేదు. కొన్ని చిక్కులు పిన్‌యిన్ లోపలివే. చైనా భాషలో స్వరం, అంటే టోన్, మారితే మాట మారిపోతుంది. బొగ్గు గనుల రాష్ట్రం షాన్‌షీ, దాని పక్కనే మట్టి సైనికుల విగ్రహాలు బయటపడ్డ రాష్ట్రం షాన్‌షీ. రెండింటికీ తేడా మొదటి అక్షరం స్వరంలోనే ఉంది. స్వరం గుర్తులు తీసేసి రాస్తే రెండూ ఒకటే అవుతాయి. అందుకని రెండోదానిలో 'ఎ'ను రెండుసార్లు రాస్తున్నారు. ఇది పిన్‌యిన్ నియమమే కాదు, 1928లో వచ్చిన వేరొక పద్ధతి నుంచి అరువు తెచ్చుకున్న ఉపాయం. ఆ రెండో రాష్ట్రం రాజధాని షీ-ఆన్. ఆ పేరు మధ్యలో అపాస్ట్రఫీ పెట్టకపోతే అది రెండు అక్షరాల ఊరి పేరా, 'శ్యెన్' అనే ఒకే అక్షరమా తెలియదు. చుక్కలున్న 'యు' ఇంకో తలనొప్పి. చైనా కీబోర్డుల్లో దానికి బదులు 'వి' నొక్కుతారు. అందుకే లూల్యాంగ్ అనే ఊరి పేరులో రెండో అక్షరంగా 'యు' ఉండొచ్చు, 'వి' ఉండొచ్చు, 'వై-యు' ఉండొచ్చు.

అసలు హాన్ చైనీస్, అంటే చైనాలో అత్యధికులైన హాన్ జనం భాష, కాని పేర్ల సంగతి వేరే. షిన్‌జియాంగ్ రాజధాని ఉరుమ్‌చీ పేరును ఆ ప్రాంతపు భాష నుంచి నేరుగా ఇంగ్లిష్ అక్షరాల్లోకి మారుస్తారు. చైనా అక్షరాల మీదుగా పోతే అది వులుముచీ అవుతుంది. హార్బిన్, లాసా, హోహాట్ కూడా ఇలా నేరుగా వచ్చినవే. 2022 నవంబరులో ఉరుమ్‌చీలో ఒక అపార్ట్‌మెంట్‌లో మంటలు చెలరేగి జనం చనిపోయాక షాంఘైలో నిరసనలు జరిగాయి. అవి జరిగిన వీధికి ఆ ఊరి పేరే పెట్టి ఉంది. కానీ షాంఘై వీధి బోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో వులుముచీ అని ఉంది. వార్తల్లో ఊరు ఒకలా, వీధి ఒకలా కనిపించేసరికి ఆ రెండింటికీ సంబంధం ఉందని చాలామంది పాఠకులకి తోచనే లేదు.

ఇంకొన్ని చోట్ల స్పెల్లింగ్ రాజకీయ జెండా. తైవాన్ 2009లో పిన్‌యిన్‌ను అధికారికంగా తీసుకున్నా తైపే, కావ్‌షుంగ్ పేర్లను పాత తీరులోనే ఉంచుకుంది. పిన్‌యిన్‌లో రాస్తే తైబే అవ్వాలి, అలా రాస్తే బీజింగ్ చెప్పినట్టు విన్నట్టు ఉంటుందనేది చాలామంది భావన. తైపే చుట్టూ ఉన్న నగరానికి 2010లో షిన్‌బే అనే పిన్‌యిన్ రూపాన్ని పక్కనపెట్టి 'న్యూ తైపే' అని ఖాయం చేశారు. ఇక బ్రాండ్ల సంగతి పూర్తిగా డబ్బు లెక్క. 1903లో మొదలైన బీరు కంపెనీ సీసా మీద ఇప్పటికీ త్సింగ్‌తావ్ అనే ఉంటుంది. పెకింగ్ విశ్వవిద్యాలయం, త్సింగ్‌హువా విశ్వవిద్యాలయం ఇంగ్లిష్‌లో తమ పాత పేర్లు వదులుకోలేదు. 1957 నుంచి గ్వాంగ్‌జౌలో జరిగే వాణిజ్య ప్రదర్శనను ప్రపంచమంతా కాంటన్ ఫెయిర్ అంటుంది, నిర్వాహకులూ అలాగే అంటారు. అంటే పిన్‌యిన్‌ను అందరి చేతా వాడించే దేశమే, పేరుకి విలువ ఉన్నచోట పాతదాన్నే అట్టిపెట్టుకుంటోంది.

జెండా సంగతి భారతదేశానికీ తగిలింది. 2017 నుంచి చైనా అరుణాచల్ ప్రదేశ్‌లోని ఊళ్ళకి, కొండలకి తన సొంత పేర్ల జాబితాలు విడుదల చేస్తోంది. చైనా అక్షరాల్లో, టిబెటన్‌లో, ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు రకాలుగా ఇస్తుంది. మొదటి జాబితాలో 'క్యూ'తో రాసిన ఒక పేరును ఇంగ్లిష్ తీరులో చదివితే మైన్‌కుకా అనిపిస్తుంది. అది మనవాళ్ళు మెచుకా అనే ఊరు. టిబెటన్ పేర్లకి చైనా వాడే పద్ధతిలో 'క్యూ' అంటే 'ఛ'. పటం మీద హక్కు చెప్పుకోవడానికి కొత్త పేరు కూడా అక్కరలేదు, ఉన్న పేరును తన స్పెల్లింగులో రాస్తే చాలని ఈ జాబితా చెబుతోంది.

తెలుగు పత్రికల్లో ఈ పేర్లు చైనా నుంచి రావు, ఇంగ్లిష్ వార్తా సంస్థల మీదుగా వస్తాయి. 2017లో బ్రిక్స్ సదస్సు జరిగిన ఊరు షియామెన్, జియామెన్ అని రకరకాలుగా కనిపించింది. 'క్యూ'తో మొదలయ్యే ఊరు 'క్వి' అయి కూర్చుంటుంది. విచిత్రం ఏమిటంటే ఈ పని ఇంగ్లిష్‌కి కష్టం, తెలుగుకి సులువు. వేడ్ కొమ్ము గుర్తులతో చూపించాలని తంటాలు పడ్డ అల్పప్రాణ మహాప్రాణ భేదం మన వర్ణమాలలో పుట్టుకతోనే ఉంది. పిన్‌యిన్‌లో 'బి' అని రాసేది నిజానికి మన 'ప', 'పి' అని రాసేది మన 'ఫ'. 'జె' మన 'చ', 'క్యూ' మన 'ఛ', 'ఎక్స్' సరిగ్గా మన 'శ'. 'జెడ్' అయితే చలి, చాప అన్నప్పుడు మనం పలికే దంత్య చకారం. ఆ లెక్కన బీజింగ్‌ని 'పెయ్‌చింగ్' అని రాయాలి. పాత పెకింగ్‌లోని మొదటి అక్షరమే ఇప్పటి 'బీ' కంటే అసలుకి దగ్గర.

అయితే ఇందులోనూ ఒక తకరారుంది. ఇప్పటి తెలుగులో 'ఫ' అంటే ఫ్యాన్, ఫోన్‌లలోని ధ్వనే చాలామంది నోట వస్తుంది. ఒత్తులు రాతలో ఉన్నంత గట్టిగా మాటలో లేవు. పైగా బీజింగ్ అనే రూపం మన పత్రికల్లో నలభై ఏళ్ళుగా స్థిరపడింది, దాన్ని కదిలించడం వృథా ప్రయాస. కొత్తగా వార్తల్లోకి వచ్చే ఊళ్ళ విషయంలో మాత్రం ఇంగ్లిష్ స్పెల్లింగును అక్షరం అక్షరంగా తెలుగులోకి దించకుండా పిన్‌యిన్ విలువలు చూసుకుని రాయడం పెద్ద పనేమీ కాదు. ఇరవై పాతిక ధ్వనుల పట్టిక ఒకటి డెస్కులో అంటించుకుంటే సరిపోతుంది. అప్పుడు 'ఎక్స్'తో మొదలయ్యే ఊరు క్సి కాకుండా శి అవుతుంది, 'క్యూ'తో మొదలయ్యేది క్వి కాకుండా ఛి అవుతుంది.